అడక్కుండా తీసిన గుంత

నా కోడలు విజయ గుంతలో పడిన పొద్దు నేను అరుగు మీదనే ఉన్నా. నీళ్ల ట్యాంకరోడు హారన్ కొట్టినాడు. రెండు బిందెలు తీసుకోని ఉరికింది. ఫోను కేబుల్ కోసం తవ్వి వదిలిన గుంత అది. మీద పరిచిన రేకు జారింది. తల రాతికి తగిలింది. ఆస్పత్రి దాకా బతకలా. నాకు ఏడుపు రాలా. ఇప్పటికీ రాలా.

మాది పలకల క్వారీ కూలోళ్ల వీధి. నేను కొమరోలు నుంచి కాపురానికొచ్చిన ఏడు ఇంటింటికీ కుళాయి వేస్తామన్నారు. యాభై రెండేండ్లాయె. అందుకే మొన్న మిషను వచ్చి తవ్వుతాంటే కుళాయి పైపులకే అనుకున్నాం. తవ్వేటోళ్లకు విజయే మజ్జిగ పోసింది. "బాగా లోతుగా తీయండన్నా" అని చెప్పింది గూడా.

మూడో దినం వీధంతా మున్సిపాలిటీకి పోయినాం. కమిషనర్ సారు కుర్చీలు చూపినాడు. ఎవరం కూచోలా.

"కేబుల్ పడితే మీకే మంచిదవ్వా. కౌన్సిల్ తీర్మానం చేసే పర్మిషన్ ఇచ్చినాం."

"ఫోన్లు వద్దని ఎవరన్నారు సారూ?" అన్నాడు క్వారీ మేస్త్రీ సుబ్బయ్య. "మమ్మల్ని ఎవరడిగినారు?"

"నోటీసు పెట్టినాం. అభ్యంతరాలుంటే చెప్పమన్నాం."

"యాడ పెట్టినారు?"

"ఇక్కడే, ఆఫీసు గోడకు."

డిగ్రీ చదివే రాధాకుమారి పోయి వెతికింది. "ఉండాదవ్వా. బీరువా ఎనకాల." చదివి వినిపించింది. బజారు వీధిలో ఏ పూట గుంత ఆ పూటే పూడ్చాలంట. మా వీధిలో పనంతా అయినాకంట.

"క్వారీలో గుంత తీసినోడు చుట్టూ కంప వేసిందాకా సద్దికి కూచోడు సారూ," అన్నాడు సుబ్బయ్య. "మేం చదువు లేనోళ్లం."

"అర్జీ ఇచ్చిపోండి. వచ్చే మీటింగులో చూస్తాం."

"అందాకా మిషను ఆగుతాదా?"

"పని ఆగదు. గడువుంది."

బయటికొచ్చి, మిషనుకు అడ్డం కూచోవాల్నా వద్దా అని మాలో మేమే కొట్లాడుకున్నాం. "పోయిన మనిషి తిరిగి రాదు. పోలీసులతో మనకేంది?" అని పక్కింటి కొండమ్మ గొణిగింది.

"నా కోడలి కోసం కాదే కొండమ్మా," అన్నా. "రేపు నీ మనవరాలూ ఆ ట్యాంకరుకే ఉరకాల. వీధిని కూచోబెట్టి అడిగినాకే తవ్వాలని తీర్మానంలో రాయమందాం. రాసిందాకా కేబుల్ పడనియ్యం."

కొండమ్మ ఇంటికి పోయింది.

తెల్లారి మిషను వచ్చేసరికి పన్నెండు మందిమి గుంతలో కూచోనున్నాం. నెత్తురు ఆరిన రాయి నా మోకాలి పక్కనే ఉండాది. చూసినా ఏమీ అనిపించలా. డ్రైవరు ఇంజను ఆపి దిగినాడు. "మనుషుల మీద తోలను, ఇంకెవర్నన్నా తెచ్చుకో," అన్నాడు కాంట్రాక్టరుతో.

పోలీసులు వచ్చినారు.

"లెయ్ అవ్వా. ఈ వయసులో నీకిదేంది?"

"మోకాళ్లు లేవనియ్యవు నాయనా. నువ్వే ఎత్తుకో."

ఇద్దరు ఎత్తినారు. పన్నెండు మందినీ వ్యానులో తోసినారు. "తీర్మానం మార్చాల!" అని సుబ్బయ్య అరిచినాడు. వీధి మొత్తం అందుకుంది.

కిటికీలోంచి చూసినా. బజారు హమాలీలు, రాధాకుమారితో చదివే కాలేజీ పిల్లోళ్లు గుంతలోకి దూకుతాండారు. కొండమ్మ కుచ్చిళ్లు ఎత్తి దోపుకోని, "జరగండ్రా" అంటా నేను లేచిన చోట కూచుంది.