వంకర నవ్వు

మధ్యాహ్నం భోజనమయ్యాక మా ఆయన కుట్టుమిషను పక్కనే కుర్చీ వీపు మీదుగా కుడిచెయ్యి వేలాడేసుకుని గంటన్నర గురకపెట్టారు. లేచి కత్తెర తీయబోతే దభీమని కింద పడింది. మణికట్టు పైకి లేవడం లేదు.

"తిమ్మిరెక్కిందిలేవే."

నాకు పైప్రాణాలు పైనే పోయాయి. దర్జీకి కుడిచెయ్యి పోతే ఇంకేం మిగులుతుంది? చొక్కా కూడా మార్చుకోనివ్వకుండా ఆసుపత్రికి లాక్కెళ్లాను.

పక్షవాతమేమో చూడాలని డాక్టరమ్మ ఆయన్ని నవ్వమంది. నవ్వారు. మూతి ఎడమకి లాగింది. ఆవిడ మొహం మారిపోయింది.

"అది ఇవాళ్టి వంకర కాదమ్మా! ముప్పై ఏళ్లుగా గుండుసూదులు కుడివైపు పెదాల మధ్య బిగించి ఎడమవైపే నవ్వుతారీయన."

"పాత ఫోటో ఉందా?"

ఫోను తీశాను. నాలుగు వందల ఫోటోలు. అన్నీ కోట్లు, గౌన్లు, కాలర్లు. మనిషి ఒక్కదాంట్లోనూ లేరు. సిగ్గుతో చచ్చిపోయాను. చివరికి ఒక గౌను వెనక అద్దంలో దొరికారు, సూదులు బిగించి, ఎడమకి నవ్వుతూ.

"మంచిదే. కానీ ఫోటో చూసి మెదడు సంగతి చెప్పలేం," అంటూ ముందు తలకి సీటీ స్కాన్ తీయించింది, తర్వాత ఎమ్మారైకి పంపింది.

ఎమ్మారై గది ముందు టెక్నీషియన్ ఆపాడు. "లోపల పెద్ద అయస్కాంతం ఉంటుంది. ఒంటిమీద ఇనుము ఏమైనా ఉందా?"

"ఏమీ లేదు," అన్నారీయన దర్జాగా.

నేను చొక్కా కాలరు తిప్పాను. ఆరు సూదులు.

"అవి ఇనుమేంటే, పనిముట్లు!"

నలభై నిమిషాలు ఆ సూదుల్ని గుప్పిట్లో పట్టుకుని బయట కూర్చున్నాను. ఆ నవ్వుని నేను వెక్కిరించిన సందర్భాలన్నీ గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

డాక్టరమ్మ బయటికొచ్చింది. "మెదడులో పక్షవాతం ఆనవాలే లేదమ్మా. కుర్చీ అంచు నొక్కుకుని చేతి నరం మొద్దుబారింది, అంతే. కొన్ని వారాల్లో చెయ్యి మామూలుగా లేస్తుంది."

నా ప్రాణం లేచొచ్చింది. ఆవిడ చేతులు పట్టుకుని ఏమేమో అన్నాను, ఒక్క ముక్కా గుర్తులేదు.

గేటు దాటాక ఫోను తీశాను. "ఏమండీ, ఇటు చూసి నవ్వండి."

"ముందు నా సూదులివ్వు."

"నవ్వితేనే ఇస్తా."

నవ్వారు. నోట్లో సూదులు లేకపోయినా ఎడమకే.

"తిన్నగా వచ్చిందా?" అని ఫోనులోకి తొంగిచూడబోయారు.

"తిన్నగానే వచ్చింది," అన్నాను.