ఎబెద్మెలెకు పాత గుడ్డలు

భర్త టిమోతి బావిలో దిగబడ్డాడన్న కేక వినపడేసరికి సుసన్న చర్చిలో చాపలు దులుపుతోంది. చేతిలో ఉన్నది అక్కడే పారేసి, చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తింది.

కమాన్‌పూర్ దారిలో ఉన్న ఆ చిన్న చర్చి వెనక ఒక చేదబావి ఉంది. ఎండిపోయి చాలా ఏళ్లయింది. పూడిక తీస్తే మళ్లీ ఊట పడుతుందని, బాప్తిస్మాలకు గోదావరి దాకా పోయే పని తప్పుతుందని సంఘం వాళ్లు పారలు, గంపలు పట్టుకుని వచ్చారు. నడుముకు తాడు కట్టుకుని దిగమని పాస్టరు శాంతిరాజ్ చెబుతూనే ఉన్నాడు. వింటేనా! బొగ్గుగనిలో చేసి రిటైరైన మనిషి కంటికి చేదబావి ఆనుతుందా?

"ముప్పయ్యేండ్లు భూమి కడుపులకెళ్లి బొగ్గు తీసినోణ్ని అయ్యగారూ! గీ బాయికి తాడు కట్టుకున్ననంటే మా దోస్తులు నవ్వుతరు," అంటూ టిమోతి నిచ్చెన చివరి మెట్టు మీంచి కిందికి దూకాడట. పైన చూస్తే ఎండి పగుళ్లిచ్చిన మట్టి, అడుగునంతా మెత్తటి బురద. దూకినవాడు దూకినట్టే రొమ్ము దాకా కూరుకుపోయాడు. ఈ గని మగవాళ్లందరికీ ఇదే జబ్బు, పాతాళమంటే అత్తగారిల్లనుకుంటారు.

సుసన్న గట్టు మీంచి తొంగి చూసింది. "ఏమయ్యా, ఊపిరాడుతుందా?"

"ఆడుతుంది. నువ్వు లొల్లి చెయ్యకు," అన్నాడు కింది నుంచి. ఆ గొంతు మాత్రం రోజూ వినే గొంతులా లేదు.

టిమోతితో ఒకే షిఫ్టులో చేసిన ఉపేందర్ తాడు వేశాడు. పక్క క్వార్టరు మనిషి, చర్చికి రాడు గానీ అన్న పిలిస్తే ఎక్కడికైనా వస్తాడు. టిమోతి తాడును సంకల కిందుగా వేసుకున్నాడు. నలుగురు కలిసి గుంజారు. జానెడు లేచాడో లేదో, అతను పెట్టిన కేకకు అందరి చేతులూ వదులయ్యాయి. ఎప్పుడో గని పైకప్పు కూలినప్పుడు విరిగిన భుజం అది. తాడు కోసుకుపోతోంది. మళ్లీ జారాడు. ఈసారి బురద సంకల దాకా వచ్చింది.

ఫైరింజను బయలుదేరిందట. దారిలో బొగ్గు లారీలు బారులు తీరి ఉన్నాయట.

"భుజం పోతే పోతది వదినా, మనిషన్న దక్కుతడు. ఒక్కతీరుగ గుంజేస్తం," అన్నాడు ఉపేందర్.

గుంజుతుంటే నొప్పికి స్పృహ తప్పి తాడులోంచి జారిపోతే? ఆ తర్వాతి ఊహ సుసన్న మనసులోకి రానివ్వలేదు. అప్పుడే ఆమెకు ఎబెద్మెలెకు గుర్తొచ్చాడు.

ఎవరా ఎబెద్మెలెకు అంటారేమో, చాలామంది అంటారు. సండే స్కూల్లో ఆమె ఏటా చెప్పే కథ అది. యిర్మీయా ప్రవక్త మాటలు గిట్టని అధికారులు ఆయన్ని ఒక గోతిలోకి దించేశారు. అందులో నీళ్లు లేవు, ఉత్త బురద. రాజుగారి కొలువులో ఉన్న కూషు దేశపు పరాయివాడు ఎబెద్మెలెకు ఒక్కడే ధైర్యం చేసి రాజునడిగి, తాళ్లు తీసుకుని పోయాడు. తాళ్లతో పాటు ఖజానా కింది గదిలోంచి పాత గుడ్డలు కూడా వేసి, సంకల్లో వాటిని పెట్టుకుని ఆపైన తాడు వేసుకోమన్నాడు. అంత కంగారులోనూ పైకొచ్చేవాడి ఒంటి గురించి ఆలోచించిన మనిషి. అందుకే సుసన్నకు ఆయనంటే ఇష్టం. "దావీదు లేడా, సమ్సోను లేడా? గీ పేలికలాయన కథ ఎవలింటరు?" అని టిమోతి ఆటపట్టించేవాడు.

"ఆగుండ్రి! తాడు ముట్టకుండ్రి!" అని అరిచి చర్చిలోకి పరుగెత్తింది. క్రిస్మస్ నాటకం సామాను పెట్టె తెరిచి, తూర్పు దేశపు జ్ఞానుల మఖ్మల్ అంగీలు, గొల్లవాళ్ల పాత దుప్పట్లు చేతికందినన్ని తెచ్చి బావిలోకి వేసింది.

"సంకల కింద మందంగ పెట్టుకో! ఛాతి చుట్టు తిప్పు. దాని మీద తాడెయ్యి!"

"గివి జ్ఞానుల అంగీలు గదనే. ఖరాబైతయి."

"నీ మొఖం! జ్ఞానులకు లేని ఫికర్ నీకెందుకయ్యా? చెప్పింది చెయ్యి!"

గట్టు మీద ఇద్దరు ముగ్గురు పకపకా నవ్వేశారు. పాస్టరు ప్రార్థన మధ్యలో ఆపి, చొక్కా చేతులు మడిచి తాడు పట్టాడు. దేవుడేమీ అనుకుని ఉండడు.

"కాళ్లు ఆడియ్యన్నా! మేం నిమ్మళంగ గుంజుతం," అని ఉపేందర్ కేకేశాడు.

గుంజారు, ఆగారు, మళ్లీ గుంజారు. టిమోతి మూలిగాడు గానీ కేక పెట్టలేదు. నడుము బయటపడింది. మోకాళ్లు బయటపడ్డాయి. ఆ తర్వాత బురద ఒక్కసారిగా వదిలేసింది. ఒంటికి ఊదారంగు మఖ్మల్, జరీ అంచుతో సహా, నెత్తి దాకా బురదతో టిమోతి గట్టెక్కాడు. హమ్మయ్య! సుసన్న అందరి ముందే అతన్ని వాటేసుకుని, ఏడుస్తూనే నోటికొచ్చినన్ని తిట్లు తిట్టింది. భుజం కమిలింది, అంతే. చెయ్యి ఆడుతోంది. ఆమె పదే పదే ఎత్తించి, దించి చూసుకుంది.

"గీ గుడ్డల ఉపాయం నీకెవలు చెప్పిండ్రు వదినా?" అనడిగాడు ఉపేందర్, చెమట తుడుచుకుంటూ.

"ఎబెద్మెలెకు."

"ఏ గనిల చేస్తడు?"

ఎవరూ ఆపుకోలేకపోయారు. పాస్టరైతే కడుపు పట్టుకుని కూర్చున్నాడు. ఆలస్యంగా వచ్చిన ఫైరింజను వాళ్లకు ఎవరెందుకు నవ్వుతున్నారో అర్థం కాలేదు. వాళ్లకూ చాయ్ పోశారు.

జనం పలచబడ్డాక టిమోతి చర్చి మెట్ల మీద కూర్చున్నాడు. చేతిలో చాయ్ చల్లారిపోతోంది.

"భయమైందే, సుసన్నా," అన్నాడు మెల్లగా.

పెళ్లయిన నాటి నుంచి ఆ మాట అతని నోట ఆమె వినలేదు. పక్కన కూర్చుంది.

"నాకు నువ్వు పోయిన ప్రతి షిఫ్టుకు అయ్యేది."

టిమోతి తల తిప్పి ఆమెను చూశాడు. "ఎన్నడు చెప్పకపోతివి?"

"చెప్తే దిగుతుంటివా? దిగకుంటే పిల్లలేం తిందురు?" అని సుసన్న కొంగుతో అతని ముఖం మీది బురద తుడిచింది. "ఇగ దిగేది లేదు. చాయ్ తాగు."