గుర్తున్న ముక్క

మా వదిన మీద నాకు పెద్ద ఫిర్యాదులేమీ ఉండేవి కావు. ఆడపడుచు అర్ధమొగుడంటారు గానీ, నాకంత ఓపిక ఎప్పుడూ లేదు. ఎప్పుడైనా వెళ్ళి, నాలుగు రోజులుండి, ఆవిడ వండింది తిని, బాగుందని చెప్పి వచ్చేసేదాన్ని. ఆ ఫొటో రాకపోతే మా ఇద్దరికీ అలాగే గడిచిపోయేది.

ఫొటో పంపింది అన్నయ్య. గ్యారేజీలో నాన్న, పక్కన వదిన. ఇద్దరి జుట్టు నిండా రంపప్పొట్టు. వెనక గోడకి, తలుపులింకా బిగించని చెక్క అల్మరా ఒకటి. కింద అన్నయ్య రాసిన మాట: "నాన్న, ఆయన కొత్త మేస్త్రీ."

మేస్త్రీ అనేది నా పేరు. నాన్న పెట్టిన పేరు. ఆయన ఉద్యోగం కరెంటాఫీసులో చేసేవాడు, ప్రాణం మాత్రం గ్యారేజీలో ఉండేది. మా కారు ఎండకి ఎండి వానకి తడిసేది, చెక్కలు మాత్రం నీడపట్టున హాయిగా ఉండేవి. అన్నయ్యకి మేకు కొట్టమంటే వేలు కొట్టుకునేవాడు. నాకు అది వెన్నతో పెట్టిన విద్య. "మేస్త్రీ, మూలమట్టం అందుకో", "మేస్త్రీ, చిత్రిక నువ్వు పట్టు" అంటూ ఆయన నన్ను పిలుస్తుంటే, బళ్ళో ఇచ్చే మొదటి ర్యాంకు కూడా నాకు చప్పగా ఉండేది.

ఇంటింటికీ అరలూ బల్లలూ చేసిపెట్టిన మనిషి, తన పనిముట్లు మాత్రం గోనెసంచిలో పడేసుకునేవాడు. ఉలులు సంచిలో, స్క్రూలు బిస్కెట్ డబ్బాల్లో, రంపాలు గోడ మేకులకి. ఆ గోడ పొడవునా అల్మరాలు కట్టుకోవాలన్నది నేను లంగా జాకెట్లు వేసుకునే రోజుల నుంచీ మా ఇద్దరి ఆలోచన. చదువైంది, పెళ్ళైంది, ఉద్యోగం వేరే ఊళ్ళో వచ్చింది. ఫోను చేసినప్పుడల్లా నాన్న, "నువ్వు తీరిగ్గా వచ్చినప్పుడు కడదాం మేస్త్రీ" అనేవాడు. నేను తీరిగ్గా వెళ్ళలేదు, నిజమే. కానీ ఆగుతాడనుకున్నాను.

ఆగలేదు. పైగా నా పేరు కూడా తీసి ఆవిడకి పెట్టేశాడు.

"అల్మరాల కోసం సెలవు పెట్టడమేమిటే?" అన్నాడు మా ఆయన, నేను బట్టలు సర్దుకుంటుంటే.

"నాన్నని చూడాలనిపించింది."

"నీ కడుపుమంట మీద ఈ పూట వంట చేసేయొచ్చు. గ్యాసైనా మిగులుతుంది."

నేను సంచి జిప్పు సర్రున లాగాను. ఉన్నమాటంటే ఉలుకెక్కువ.

వదినే తలుపు తీసింది. కొప్పులో లావుపాటి నల్ల మార్కర్ పెన్ను గుచ్చుకుని ఉంది. పెళ్ళికి ముందు ఆవిడ ఫొటోలకి ఫ్రేములు కట్టే షాపులో పనిచేసేది. ఆ నాలుగు సన్నపుల్లలు అతికించడాన్ని నేనెప్పుడూ చెక్కపని కింద లెక్కేయలేదు.

"నువ్వొస్తున్నావని మామయ్యగారు పొద్దున్నుంచీ చూస్తున్నారు" అంది.

చూస్తున్న మనిషి గ్యారేజీలో బల్ల మీదికి వంగి ఉన్నాడు. "నాన్నా" అంటే తలెత్తాడు గానీ, నా మొహంలోకి సూటిగా చూడలేదు. తల కాస్త పక్కకి తిప్పి, నా చెవి దగ్గర ఇంకెవరో నిలబడ్డట్టు అటు చూశాడు. మొహం చెల్లడం లేదనుకున్నాను. చెల్లకపోవడమే న్యాయమనుకున్నాను.

గోడకి రెండు అల్మరాల గూళ్ళు నిలబెట్టి ఉన్నాయి. పక్కచెక్కల లోపలివైపు, అరలు కూర్చోవడానికి సన్నని గాళ్ళు తీసి ఉన్నాయి. అర చివరలు రెండూ ఆ గాళ్ళలో దిగితే ఇక మేకుతో కూడా పని లేదు. పని బాగానే ఉంది. బాగుండటమే నాకు నచ్చలేదు. వంక కోసం వెతికాను, దొరికింది. బల్ల మీది చెక్కకి గీసిన గీత మార్కరుతో వేలంత లావున గీసి ఉంది. నాన్న గీత గోటితో గీసినంత సన్నంగా ఉండేది. అదీ చాలక ఆవిడ ఆ గీత పక్కనే ఒక తిన్నని కర్రని బిగించి, రంపం నాన్న చేతికిచ్చింది. ఆయన కర్రకి రంపం ఆనించుకుని, నెమ్మదిగా, ఆగి ఆగి కోయడం మొదలుపెట్టాడు.

"ఏమిటి నాన్నా, చంటిపిల్లాడి నడకబండిలాగా ఈ కర్ర? ఇలా ఇవ్వు" అని రంపం లాక్కున్నాను. కర్ర ఊడదీసి పక్కన పెట్టాను. నాలుగు ఊపుల్లో చెక్క తెగి కింద పడింది. కొలిచి చూస్తే వెంట్రుకవాసి తేడా లేదు.

నాన్న బొటనవేలితో అంచు తడిమాడు. "బాగుంది" అన్నాడు. చేతులు దులుపుకుని, "ఇవాళ్టికి చాల్లే" అని లోపలికి వెళ్ళిపోయాడు. వదిన ఏమీ అనకుండా కర్రని పట్టి ఉంచే క్లాంపులన్నీ ఏరి ఒక మూల పెట్టింది. ఆ మౌనం నాకు గర్వంలా కనిపించింది.

భోజనాల దగ్గర ఇద్దరూ తలుపుల బందుల గురించి ఒకటే మాటలు. పైకి తెరవాలా, పక్కకి తెరవాలా అని. మధ్యలో నేనొక సలహా చెబితే, "అదీ బాగానే ఉంటుంది" అని ఇద్దరూ మర్యాదగా ఆగి, మళ్ళీ వాళ్ళ గొడవలో పడిపోయారు. చుట్టానికి చూపించే మర్యాద అది. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట ఒకావిడ. నవ్వే తోడికోడలు లేకపోయినా నాకు ఏడుపొచ్చింది.

పొద్దున నేను లేచేసరికి నాన్నా వదినా ఇంట్లో లేరు. ఏదో పని మీద వెళ్ళారన్నాడు అన్నయ్య. ఏం పనంటే, ఫోనులోంచి తల ఎత్తకుండా, "వచ్చాక వాళ్ళే చెప్తార్లే" అన్నాడు. నాకు చెప్పని పనులు కూడా మొదలయ్యాయన్నమాట.

గ్యారేజీ షట్టరు ఎత్తాను. అరల కోసం చెక్కలు గీతలు గీసి, గుర్తులు పెట్టి వరసగా ఆనించి ఉన్నాయి. గీతలన్నీ ఇంచుమించు చెక్క సగానికి ఉన్నాయి, చూపుకి రెండు పక్కలా ఒకే పొడవు. వాళ్ళొచ్చేలోగా అన్నీ కోసి పెట్టేస్తే అప్పుడు తెలుస్తుంది, మేస్త్రీ ఎవరో.

గుర్తు సంగతి చెప్పాలి. గీతకి ఒక పక్క ముక్క ఉంచుకుంటాం, రెండో పక్కది తీసేస్తాం. కోసేటప్పుడు రంపం తన మందమంత చెక్కని తినేస్తుంది. కాబట్టి తీసేసే ముక్క వైపే కోయాలి, లేకపోతే ఉంచుకునేది కురచైపోతుంది. పొరపాటు రాకుండా చెక్కపని వాళ్ళు తీసేసే వైపు ఇంటూ గుర్తు పెడతారు. మా నాన్నది మాత్రం తా పట్టిన కుందేలు వ్యవహారం. ఆయన ఉంచుకునే ముక్క మీద గుర్తు పెట్టేవాడు. "పారేసేదానికి గుర్తెందుకమ్మా? మనకి కావలసినదానికి గానీ" అనేవాడు. ఎంతమంది చెప్పినా మార్చుకోలేదు. మా గ్యారేజీలో గుర్తున్న ముక్క మనది, అంతే.

అన్నీ అలాగే కోశాను. గుర్తున్న వైపు వదిలి, ఇవతలి వైపు రంపం పెట్టి, ఒక్కదానిక్కూడా ఆ నడకకర్ర బిగించకుండా కోశాను. భుజం లాగేసింది గానీ, చాలా రోజుల తర్వాత ఆ గదిలో నాకు సుఖంగా అనిపించింది.

వాళ్ళొచ్చారు. పేర్చిన ముక్కలు చూసి వదిన మొహం ఒకలా అయింది. అసూయనుకుని సంతోషించాను. "పెట్టి చూడు వదినా" అన్నాను.

ఆవిడ ఒక అర తీసి ఎడమవైపు గాడిలో పెట్టింది. కుడివైపు కొన గాడి అంచు దాకా వచ్చి ఆగి, జారి, అర ధడాలున కింద పడింది. రెండోదీ అంతే. మూడోది నేనే పెట్టాను, అదీ నా కాలి దగ్గర పడింది. అన్నీ రవ్వంత కురచ.

"కొలత తప్పు గీశావు వదినా" అన్నాను. గొంతులో సంబరం దాచుకోలేకపోయాను. "అంత లావు గీత గీస్తే తప్పక ఏం చేస్తుంది?"

వదిన నాన్న వంక చూసింది. "నేనే తప్పు గీసి ఉంటాను" అంది నెమ్మదిగా.

ఆ మంచితనానికి నాకింకా మండింది. నాన్న వచ్చి ఒక అర తీసుకుని, చివర తడిమి, "ఏ పక్క కోశావమ్మా?" అన్నాడు.

"గుర్తున్నది ఉంచి కోశాను. ఇంకెలా కోస్తాను?"

"ఇప్పుడు గుర్తున్నది తీసేసేది."

"ఎప్పట్నుంచి?"

"గీసే చెయ్యి మారినప్పట్నుంచి. ఆ పిల్ల ఫ్రేముల షాపులో నేర్చుకున్న పద్ధతి. గీసేది తనైనప్పుడు గుర్తూ తనదే ఉండాలి."

లోకమంతా చెప్పినా మార్చుకోని గుర్తు ఆవిడ కోసం మార్చుకున్నాడు. కాలి దగ్గరి అరని పక్కకి తోసేశాను. "నువ్వెందుకు గీయట్లేదు నాన్నా? చేతులేమయ్యాయి?" అన్నాను.

ఆయన చేతిలోని అరని బల్ల మీద పెట్టాడు.

"చెప్పెయ్యండి మామయ్యా" అంది వదిన. "పొద్దున డాక్టరు కూడా ఇంట్లోవాళ్ళకి తెలియాలనే కదా అన్నాడు."

"గీత కనపడదమ్మా" అన్నాడు నాన్న. "చుట్టూ అంతా కనపడుతుంది. దేన్ని చూద్దామనుకుంటే అదే కనపడదు. నీ మొహం కూడా అంతే. పక్కకి చూస్తే కాస్త తెలుస్తుంది. లావుగా గీస్తే గీతా కాస్త తెలుస్తుంది. ఇంకొన్నాళ్ళకి అదీ ఉండదట."

కోసిన చెక్కల మీదే కూలబడ్డాను. అప్పుడు కూడా నా నోట్లోంచి ముందు వచ్చిన మాట ఇదీ: "వదినకి చెప్పావు. నాకు చెప్పలేదు."

"నీకు చెబితే ఏం చేసేదానివి?"

"ఆ రోజే వచ్చేసేదాన్ని. అన్నీ నేనే కట్టేసేదాన్ని."

"అందుకే" అన్నాడు. "చూపు ఉన్నంతలో ఇవి నా చేత్తో నేను కట్టుకోవాలి. ఏ ఉలి ఏ అరలో ఉందో, ఏ రంపం ఏ కొక్కేనికి ఉందో నా చేతికి తెలియాలి. గోనెసంచిలో తడుముకుంటే వేళ్ళు తెగుతాయి. నిన్న నువ్వు రంపం లాక్కున్నావు చూడు. ఈ పిల్ల లాక్కోదు. కర్ర బిగించి, నేనెంతసేపు కోసినా పక్కన నిలబడుతుంది."

తిట్టి ఉంటే బాగుండేది. నేను ఎదురు తిట్టేదాన్ని.

వదిన కొత్త చెక్క తెచ్చి బల్ల మీద పెట్టింది. గీసింది, గుర్తు పెట్టింది, కర్ర బిగించింది, రంపం ఆయన చేతికిచ్చింది. నాన్న కోస్తున్నాడు. రంపం ఆగుతోంది, మళ్ళీ కదులుతోంది. చివరికొచ్చాక కర్ర నుంచి పక్కకి జరిగింది. ముక్క ఊడి పడింది.

"వచ్చిందా?" అన్నాడు.

"బాగా వచ్చింది మామయ్యా" అంది వదిన.

నాన్న తల పక్కకి తిప్పాడు, అంటే నన్ను చూస్తున్నాడన్నమాట. "మేస్త్రీ, నువ్వు చూడు."

వంగి చూశాను. వదిన నా వంక చూస్తూ వద్దన్నట్టు తల ఊపింది.

"చివర్న తప్పింది నాన్నా. గాడిలో కూర్చోదు."

"అదీ" అన్నాడు నాన్న. ఆయన నవ్వడం నేనొచ్చాక అదే మొదటిసారి. "ఇన్నాళ్ళూ ఏది కోసినా బాగుందంటుంటే నాకే అనుమానంగా ఉండేది. ఇంకో చెక్క పెట్టు మేస్త్రీ. కర్ర కూడా నువ్వే బిగించు."

వదిన చీపురు తీసుకుని, ఊడ్చిన చోటే మళ్ళీ ఊడవడం మొదలుపెట్టింది. మెడ దాకా ఎర్రబడింది. ఆ మంట ఎక్కడ పుడుతుందో నాకు తెలుసు. సంతోషం వేసింది. సిగ్గేం పడలేదు. ఇంత మండాక ఆ మాత్రం నాకు దక్కాలి.

చెక్క పెట్టాను. గీశాను, ఆవిడ పద్ధతిలోనే గుర్తు పెట్టాను. కర్ర బిగించి పక్కన నిలబడ్డాను. నాన్న రంపం ఆనించాడు. రెండు ఊపులకే పిడి పక్కకి వాలింది. వాలిందని అనుకునేలోపే నా చెయ్యి వెళ్ళి ఆయన చేతి మీద పడింది, పిడి సగం నా గుప్పిట్లోకి వచ్చేసింది. నాన్న కోయడం ఆపాడు.  వేళ్ళు వదులు చేశాడు, తీసుకో అన్నట్టు.

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"వదినా, ఆ చీపురు పక్కన పడేసి ఇలా రా" అన్నాను. "నువ్వే పట్టుకో. నేనుంటే లాక్కుంటాను."

ఆవిడ వచ్చి నా చోట నిలబడింది. నాన్న మళ్ళీ కోయడం మొదలుపెట్టాడు. నేను షట్టరు దగ్గరికి వెళ్ళి ఆ ఇద్దరినీ చూస్తూ నిలబడ్డాను. కడుపు మండుతూనే ఉంది. చేతులు మాత్రం గట్టిగా కట్టుకునే ఉన్నాను.