ఏ పని వల్ల?

వెల్లుల్లి అన్నం వేయించి, ఎండుచేపలు దించి, మా ఆయన రోదెల్ చొక్కాలు రెండు పిండేసరికి నా కుడిచేతి బొటనవేలూ పక్క రెండు వేళ్లూ మొద్దుబారాయి. చెయ్యి విదిలిస్తూ నిలబడ్డాను. మా అత్తగారు చూసి, "ఆ ఫ్యాక్టరీలో రోజంతా రాసి రాసి తెచ్చుకున్నావు. మానెయ్యమంటే వినవు కదా" అంది. రోదెల్ కాఫీ తాగుతూనే, "అమ్మ అన్నదాంట్లో తప్పేముంది, సెలీ?" అన్నాడు. తప్పేముందో నాకు వెంటనే తోచలేదు. డాక్టర్నై ఉండి కూడా.

కవీతే ప్రాంతంలో కార్లకు వైర్ల కట్టలు తయారుచేసే ఫ్యాక్టరీ మాది. పదకొండు వందల మందిలో తొమ్మిది వందలు ఆడవాళ్లే. పన్నెండేళ్లుగా వాళ్లకు నేనే డాక్టర్ని. మందు రాయడంతో నా పని అయిపోదు, ఆ జబ్బు వాళ్లు చేసే పని వల్ల వచ్చిందా కాదా తేల్చి సంతకం పెట్టాలి. "మా కోడలు డాక్టరే, కానీ ఫ్యాక్టరీలో" అని అత్తగారు చర్చి దగ్గర చెప్పేటప్పుడు ఆ 'కానీ' దగ్గర గొంతు తగ్గిస్తుంది. నేను సర్జన్ కావాలనుకున్న మాట నిజం. "ఫ్యాక్టరీ ఉద్యోగమైతే పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేస్తావు, ఇల్లూ నడుస్తుంది" అన్నాడు రోదెల్. వచ్చాక ఈ పనంటే ఇష్టం కలిగింది. అది ఇష్టమో అలవాటో అడిగితే ఇప్పటికీ చెప్పలేను.

ఆ రోజు మెర్లిందా వచ్చింది. తొమ్మిదేళ్లుగా వైర్ల మీద టేపు చుట్టే మనిషి. టేపు చేతిలోంచి జారిపోతోందట. రెండు మణికట్లూ వంచి, చేతుల వెనకవైపులు ఒకదానికొకటి ఆనించి ఒక నిమిషం ఉంచమని చెప్పి, ఎలాగో చూపించడానికి నేనూ అలాగే పట్టుకున్నాను. ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. అర నిమిషానికి ఆమె మొహం చిట్లించింది. నా వేళ్లు అంతకుముందే తిమ్మిరెక్కాయి.

"ఇంటి దగ్గర ఏం పని చేస్తావు?" అని అడిగాను.

"ఏమీ చెయ్యను డాక్టరమ్మా. వంటా, బట్టలూ, నీళ్లు మొయ్యడమూ, అంతే."

ఆ 'ఏమీ' అలాగే రాసుకోబోయి ఆగాను. ఈ పన్నెండేళ్లలో ఎన్ని వందల కాగితాల మీద ఆ మాట రాశానో.

మధ్యాహ్నం సిబ్బంది మేనేజరు అబువేవా వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. మర్యాద తెలిసిన మనిషే. "డాక్టర్ గారూ, ఇంట్లో ఆరుగురి బట్టలు ఉతుకుతుందట. ఇది పని వల్ల వచ్చిందని ఎలా అంటాం? మీరూ ఆడవాళ్లే, మీకు తెలియనిదా?"

తెలుసు. అదే నా తికమక. ఇంట్లో అడిగితే నా చెయ్యి నొప్పి ఉద్యోగం వల్ల. ఇక్కడ అడిగితే మెర్లిందా చెయ్యి నొప్పి ఇంటి వల్ల. ఎక్కడ అడిగినా నొప్పి అక్కడిది కాదు, ఎప్పుడూ ఇంకో చోటి నుంచే వస్తుంది. అతను చెప్పింది పూర్తిగా అబద్ధమూ కాదు. తడి దుప్పటి పిండితే మణికట్టులోని నరం నలుగుతుంది, రోజుకు మూడు వేల చుట్లు టేపు చుట్టినా నలుగుతుంది. ఏది ఎంత అని కొలిచే పరికరం నా దగ్గర లేదు. ఆ సాయంత్రం దాకా ఆమె కాగితం బల్ల మీదే ఉంది. చివరికి 'పని వల్ల: అవును' అని రాసి, కింద 'ఫ్యాక్టరీలో పది గంటలు, ఇంట్లో ఐదు గంటలు, రెండూ పనే' అని చేర్చాను.

అబువేవా దాన్ని వెనక్కి పంపాడు. 'ఇంటి సంగతి రాయడానికి ఫారంలో చోటు లేదు' అని చిన్న చీటీ పెట్టాడు. నేను ఒక్క అక్షరమూ మార్చకుండా తిప్పి పంపాను.

నెల తర్వాత మెర్లిందాను టేపు పని తప్పించి తనిఖీ బల్ల దగ్గర కూర్చోబెట్టారు. నా గదికి వస్తే థాంక్స్ చెబుతుందనుకున్నాను. "అక్కడ మాట్లాడ్డానికి ఒక్కరూ లేరు డాక్టరమ్మా. పైగా ఇప్పుడు తేలిక పనే కదా అని మా ఆయన వాళ్ల చెల్లెలి బట్టలు కూడా తెచ్చి పడేస్తున్నాడు" అంది. మేలు చేశానో కీడు చేశానో అర్థం కాలేదు.

ఆ శనివారం నేనే లీపా పట్టణంలో సర్జన్‌గా ఉన్న నా క్లాస్‌మేట్ లుదివినా దగ్గరికి వెళ్లి పేషెంటుగా కూర్చున్నాను. మణికట్టుకు చిన్న ఆపరేషన్ చెయ్యాలంది. ఆ తర్వాత ఆరు వారాలు బట్టలు పిండడం, బరువులెత్తడం, తరగడం ఏవీ కూడదని చీటీ రాసి సంతకం చేసింది.

ఆదివారం భోజనాల దగ్గర ఆ చీటీ తీసి రోదెల్ ముందు పెట్టాను. చదవగానే అతని మొహం వెలిగింది. "మంచిదే. ఎప్పట్నుంచో చెబుతున్నాను. ఆరు వారాలు ఫ్యాక్టరీకి సెలవు పెట్టెయ్. ఇంటిపట్టునే ఉందువు గాని."

"అవును, ఇల్లూ కాస్త సర్దుకోవచ్చు" అంది అత్తగారు.

"ఆపరేషన్ రోజొక్కటే ఫ్యాక్టరీకి వెళ్లను" అన్నాను. "అక్కడ నేను చూసి చెబితే రాయడానికి నర్సు ఉంది. సెలవు ఇక్కడే పెడుతున్నాను."

రోదెల్ చీటీ తిప్పి వెనకవైపు చూశాడు. అక్కడ ఏమీ లేదు. "ఇంటికి సెలవేంటి, సెలీ? అదెలా కుదురుతుంది?"

అత్తగారు గరిటె పట్టుకుని నన్నే చూస్తోంది. నా దగ్గర జవాబు ఉంటుందనే ఇద్దరూ అనుకున్నారు.

"ఎలా కుదురుతుందో నాకూ తెలీదు" అన్నాను. "కానీ డాక్టరు రాసింది."