గోడవార నిలబడ్డ వకీళ్లు

ఉదయం పదింపావుకి అటెండరు రాజయ్య కోర్టు హాలు తలుపులు తీస్తాడు. ఫ్యాన్లు వేస్తాడు, జడ్జిగారి బల్ల తుడుస్తాడు, నీళ్ల గ్లాసు మీద మూత పెడతాడు. తర్వాత వెనక గోడ దగ్గరికి వెళ్లి, "సార్లూ, జర గోడకు జరగండ్రి. కేసుల పార్టీలు కూసోవాలె" అంటాడు. చనిపోయిన వకీళ్లు ఏడుగురూ మారుమాట లేకుండా ఓ అడుగు వెనక్కి వేస్తారు.

హైటెక్ సిటీ అద్దాల మేడల వెనక, అద్దె భవనంలో నడిచే ఆ కోర్టుకు ఇదేమీ కొత్త కాదు. వకీలు పోతే సంతాప సభ పెడతారు. అందరూ లేచి రెండు నిమిషాలు మౌనంగా నిలబడతారు. ఆ మౌనంలో పోయినవాడు నల్లకోటు, తెల్ల బ్యాండుతో లోపలికొచ్చి వెనక గోడ దగ్గర నిలబడతాడు. తన జీవిత విశేషాలు చదువుతుంటే వింటాడు. చదివింది నిజమైతే జడ్జిగారికి తలవంచి వెళ్లిపోతాడు. కాకపోతే కోర్టు నడిచినన్నాళ్లూ అక్కడే.

బార్ అసోసియేషన్ రాసే సంతాప పత్రాల సంగతి తెలిసిందే కదా. ఎవరు పోయినా పేదల పెన్నిధే, ఎవరు పోయినా న్యాయశాస్త్రంలో దిట్టే. వాయిదా అడగడానికి తప్ప ఏనాడూ నోరు తెరవని ఒకాయన్ని 'అనర్గళంగా వాదించేవారు' అన్నారు. ఆయన మూడేళ్లుగా కిటికీ పక్కనే నిలబడి ఉన్నాడు. ఈ మధ్యకాలంలో బయటపడింది క్రిమినల్ కేసుల నాగభూషణం ఒక్కడే. ఆయన కూతురు అనూష పత్రం తానే రాసుకొచ్చి, "మా నాన్న సాక్షులకు అబద్ధాలు నేర్పేవాడు. తాగి ఇంటికొచ్చేవాడు. మమ్మల్ని మాత్రం ఏనాడూ చదువు మానమనలేదు" అని చదివింది. నాగభూషణం తలవంచి, గబగబా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఎనిమిదోవాడిగా ఇమ్మాన్యుయేల్ గారు వచ్చి చేరారు. గుండెపోటుతో పోయారు. పత్రం రాసే పని ఆయన దగ్గర ఆరేళ్లు జూనియరుగా పనిచేసిన జాయ్స్ మీద పడింది. జాయ్స్‌ది ప్రగతి నగర్, తల్లి నర్సు. ముప్పై రెండేళ్లకే జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష గట్టెక్కింది. తుది జాబితాలో పేరొచ్చింది. నియామక ఉత్తర్వు చేతికి రావడమే తరువాయి. చర్చిలో అప్పుడే కొందరు ఆమెను చూసి లేచి నిలబడుతున్నారు కూడా.

ఆమె పత్రం శ్రద్ధగానే రాసింది. తెనాలి దగ్గర పుట్టారు, ట్యూషన్లు చెప్పుకుంటూ లా చదివారు, ఇరవై ఎనిమిదేళ్లు సివిల్ కేసులు వాదించారు, జూనియర్లకు తన క్యారేజీలోంచి అన్నం పెట్టారు. అన్నీ నిజాలే. చివర్లో, 'వృత్తిలో చేసిన ఒకే ఒక్క పొరపాటు తప్ప మచ్చ లేని మనిషి' అని రాసింది. అది రాయకపోతే అందరూ వేలెత్తి చూపుతారని రాసింది. అబద్ధమల్లా ఆ ఒక్క పొరపాటే.

ఆ పొరపాటు జాయ్స్‌ది.

ఐదేళ్ల కిందట ఇలాగే ఎవరో వకీలు పోయారు. సంతాపం రోజున ఎవరూ వాదించరు. బెంచ్ క్లర్క్ ఆనాటి కేసులన్నిటికీ వాయిదాలు వేసి సాయంత్రం బోర్డుకు అంటిస్తాడు. మామూలుగా అన్నిటికీ నెల తర్వాత ఒకటే తేదీ పడుతుంది. బాచుపల్లిలో పెద్దమ్మ కూతురి నిశ్చితార్థం ఉందని జాయ్స్ మధ్యాహ్నమే వెళ్లిపోయింది. మర్నాడు బోర్డు చూడకుండా, పక్క వకీలు డైరీలో ఉన్న తేదీనే తమ పదకొండు కేసులకూ రాసేసింది. పదింటికి సరిపోయింది. పదకొండోది పుప్పాలగూడ గంగమ్మ ఇంటి కేసు. ఇల్లు కూల్చొద్దని ఇచ్చిన స్టే గడువు ముగుస్తోందని దానికి మాత్రం మూడో రోజుకే వాయిదా వేశారు.

మూడో రోజు కేసు పిలిచారు. గంగమ్మ తరఫున ఎవరూ పలకలేదు. స్టే పోయింది. మర్నాడే పొక్లెయినర్లు వచ్చి రెండు గదులు, బర్రెల కొట్టం నేలమట్టం చేశాయి. గంగమ్మ పెనిమిటి వీరేశం కిరాయి గదిలో మంచం పట్టి ఏడాది తిరక్కుండానే పోయాడు. ఆ జాగాలో పన్నెండంతస్తుల ఆఫీసు లేచింది. అందులో నాలుగో అంతస్తు బాత్రూములు ఇప్పుడు గంగమ్మే కడుగుతుంది.

స్టే పోయిన రోజు జాయ్స్ ఏడుస్తూ డైరీ తెచ్చి ఇచ్చింది. ఇమ్మాన్యుయేల్ గారు చూశారు. ఆ పేజీ చింపి, పదకొండు కేసులూ తన చేతిరాతతో వేరే కాగితం మీద రాసి అతికించారు. "నీకు ముందు బోలెడంత దారుందమ్మా. ఏడవకు, టీ తాగు" అన్నారు. వాయిదా తప్పు రాసుకుంది నేనేనని అందరి ముందూ ఒప్పుకున్నారు. ఇల్లు కూల్చిన బిల్డరు దగ్గర డబ్బు తిన్నాడన్నారు అందరూ. బార్ కౌన్సిల్ వాళ్లు ఏడాది పాటు ఆయన సన్నదు, అంటే వాదించే లైసెన్సు, ఆపేశారు. పార్టీలు ఫైళ్లు పట్టుకుపోయారు. ఆయన మెట్ల కింద నోటరీ బల్ల వేసుక్కూర్చుంటే, గంగమ్మ వీలున్నప్పుడల్లా వచ్చి ఆ బల్ల ముందు ఉమ్మేసి పోయేది. జాయ్స్ పైమెట్టు మీంచి చూసేది. ఒక్కసారైనా కిందికి దిగి నిజం చెప్పలేదు.

ఇప్పుడాయన గోడ దగ్గర నిలబడ్డారు. బతికున్నప్పుడు కాళ్లలో నరాలు ఉబ్బి పది నిమిషాలు నిలబడలేకపోయేవారు. రాజయ్య జాలిపడి కుర్చీ వేశాడు. కానీ చనిపోయినవాళ్లు కూర్చోరు. మధ్యాహ్నమయ్యేసరికి ఈ కాలి మీదనుంచి ఆ కాలి మీదికి బరువు మార్చుకునేవారు. గోడకు చెయ్యి ఆన్చుకునేవారు. జాయ్స్ వాదిస్తూ వాదిస్తూ వెనక్కి చూసి తడబడేది. ఉత్తర్వు వచ్చాక చెబుదాం అనుకునేది. వచ్చాక ఎలా చెబుతానని తనే మళ్లీ అనుకునేది. ఇలా నలభై రోజులు గడిచాయి.

నలభై ఒకటో రోజు సువార్తమ్మ వచ్చింది. ఇమ్మాన్యుయేల్ గారి భార్య. భర్తను ఎదురుగా నిలబడి చూసింది, చీర కొంగు నోట్లో కుక్కుకుంది. జాయ్స్‌ను వరండాలోకి పిలిచింది.

"ఏం తక్కువైందమ్మా నువ్వు రాసినదాంట్లో?"

"తెలీదు ఆంటీ" అంది జాయ్స్.

"ఇరవై ఏళ్లు ఆ కాళ్లకి నూనె రాసినదాన్నమ్మా. ఆయన అలా నిలబడితే చూడలేను. వాళ్లంతా అన్నట్టు ఆ బిల్డరు దగ్గర తిన్నారేమో. నాక్కూడా చెప్పలేదేమో. అదే రాసెయ్యి. నేనేమీ అనుకోను. ఆయన్ని వెళ్లనియ్యి."

జాయ్స్‌కు అప్పుడు తెలిసొచ్చింది. ఇంత మంచి మనిషిని ఇంట్లో భార్య కూడా నమ్మకుండా చేసింది తను.

ఆ సాయంత్రమే పుప్పాలగూడ వెళ్లింది. గంగమ్మ డ్యూటీ దిగి, గేటు బయట చెప్పులు వేసుకుంటోంది.

"అమ్మా, రేపు పొద్దున ఒక్కసారి కోర్టుకు రండి. ఇమ్మాన్యుయేల్ సార్ గురించి చదువుతున్నాను."

"ఎందుకు? ఆ దొంగ వకీలు సచ్చిండని నేను గూడ ఏడ్వాల్నా?"

"ఏడవొద్దు. వినండి చాలు."

గంగమ్మ రెండో చెప్పు వేసుకుంటూ, "రేపు పగటి డ్యూటీ ఉంది నాకు. జల్ది ఇడువాలె" అంది.

పత్రం మళ్లీ చదవడానికి జడ్జిగారు ఒప్పుకున్నారు. అసోసియేషన్ ప్రెసిడెంటు శ్యామ్ ప్రసాద్ మాత్రం ఆమె చేతిలో కాగితం మీదికి తొంగిచూసి నిర్ఘాంతపోయాడు. "పిచ్చిగానీ పట్టిందా అమ్మా నీకు? ఇది చదివితే నీ పోస్టింగు ఉంటుందా?" అన్నాడు. జాయ్స్ కాగితం పట్టుకుని ముందుకెళ్లి నిలబడింది. ముందు వరసలో సువార్తమ్మ, తలుపు దగ్గర గంగమ్మ కూర్చున్నారు. అందరూ లేచి రెండు నిమిషాలు నిలబడ్డారు.

"ఇమ్మాన్యుయేల్ గారు ఆ కేసులో ఏ పొరపాటూ చెయ్యలేదు" అని మొదలుపెట్టింది జాయ్స్. "పుప్పాలగూడ గంగమ్మ కేసులో వాయిదా తప్పుగా రాసింది నేను. బోర్డు చూడకుండా రాశాను."

తలెత్తింది. గోడ దగ్గర ఆయన అరచెయ్యి కిందికి పెట్టి మెల్లగా ఊపుతున్నారు. జూనియరు వాదనలో అనకూడనిది అంటుంటే అలాగే ఆపేవారు. చాలు, కూర్చో అని. ఇంకెన్నేళ్లయినా ఇలా నిలబడడానికి ఆయన ఎప్పుడో సిద్ధపడిపోయారని ఆమెకు అప్పుడు అర్థమైంది. ఆయన తన జీవితంలో చివరికి మిగిల్చుకున్నది ఆమె బాగుపడటం ఒక్కటే. దాన్ని ఆమె ఆయన కళ్లముందే పాడుచేస్తోంది.

ఆగిపోదామనుకుంది. సువార్తమ్మ ఆమెనే చూస్తోంది.

"ఆయన ఎవరి దగ్గరా తినలేదు. నా పేజీ చింపి తన చేత్తో రాసుకున్నారు. సన్నదు పోయినప్పుడు నేను చూస్తూ ఊరుకున్నాను. పోయాక కూడా ఆ తప్పు ఆయన మీదే రాశాను" అని మిగతాది చదివేసింది.

ఊపుతున్న చెయ్యి ఆగింది. ఆయన జాయ్స్ వంక చూశారు. కోపం లేదు, తేలికపడ్డట్టూ లేదు. మంచం మీది రోగిని చూసే చూపది. జడ్జిగారికి తలవంచి, కాళ్లీడ్చుకుంటూ గంగమ్మ పక్కనుంచే బయటికి వెళ్లిపోయారు.

గంగమ్మ లేచింది.

"గీ మాట ఆయన బతికున్నప్పుడు చెప్తే ఏం పోతుండె బిడ్డా? ఐదేండ్లు ఆయన ముంగట ఉమ్మేసిన. ఒక్క మాట అనలే. ఇగ ఎవల కాళ్లు మొక్కాలె నేను?"

గంగమ్మ గోడ మీది గడియారం చూసి డ్యూటీకి వెళ్లిపోయింది. బెంచ్ క్లర్క్ గొంతు సవరించుకుని వాయిదాలు చదవడం మొదలుపెట్టాడు.

నెల తిరక్కుండా నియామకం రద్దయినట్టు కాగితం వచ్చింది. దాని వెనకే సంజాయిషీ అడుగుతూ బార్ కౌన్సిల్ నోటీసు. జాయ్స్ తల్లి ఆ రెండూ బైబిల్లో పెట్టి, ఆ పూట వంట చెయ్యలేదు. జాయ్స్ సువార్తమ్మ ఇంటికి వెళ్లింది. సువార్తమ్మ గ్రిల్ గేటు తాళం తియ్యకుండా లోపలినుంచే అంది.

"నాచేత ఆయన్ని అనుమానించేలా చేశావు గదమ్మా. వెళ్లు."

మర్నాడు పొద్దున ఎప్పటిలాగే కోర్టుకొచ్చింది. నోటీసుకు ఏం జవాబివ్వాలో తెలియలేదు. అలవాటుకొద్దీ వెనక గోడ వైపు తిరిగింది. ఏడుగురూ నిలబడి ఉన్నారు. ఎనిమిదో మనిషి నిలబడ్డ చోట రాజయ్య కుర్చీ ఒకటి తెచ్చి వేశాడు. దాంట్లో ఎవరో పార్టీ కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. ఇంత జరిగినా ఆమెను పల్లెత్తు మాట అనని మనిషి లోకంలో ఒక్కరే ఉండేవారు. ఆయన్ను తనే పంపించేసింది.