ఎండకు కాగిన పాలు

పత్తి చేను గట్టు మీద మేస్త్రీ సైదాలీ మవ్‌జూదాను అడ్డగించాడు. ఆమె కుర్తా రొమ్ముల దగ్గర తడిసి ముద్దయింది. వఖ్ష్ కాలవ అవతల మల్బరీ చెట్టు కింద ఆమె బిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నాడు.

"ఎక్కడికి బయల్దేరావ్?"

"పాలిచ్చొస్తా అన్నా. ఇట్టే వచ్చేస్తా."

"పొద్దుట్నించీ ఎండలో ఉన్నావ్. కాగిన పాలు పడతావా? పిల్లాడు చస్తాడు! కావాలంటే మీ అత్తనే అడుగు."

చెట్టు కింద టీ సీసా పట్టుకుని కూర్చున్న అత్త సఫర్‌మో తలాడించింది. కూలి ఆడవాళ్ల పసివాళ్లందరినీ చూసుకునేది ఆమే. "నిజమేనే. పిండేసి పనికి పో, నేను టీ పడతాలే" అని కేకేసింది.

ఆ మాట సఫర్‌మోకు ఒకప్పుడు ఆమె అత్త చెప్పింది. సఫర్‌మో ఊరందరికీ చెప్పింది. మేస్త్రీ కూడా అదే అంటుంటే లోలోపల గర్వపడేది. మవ్‌జూదా పాలన్నీ మట్టిలోకి పిండేసి, కళ్లు తుడుచుకుని చేలోకి దిగింది.

ఆ ఊళ్లో పసివాళ్లకు వసంతంలో బుగ్గలొస్తాయి. అప్పుడు తల్లులు ఇంటిపట్టున ఉంటారు. పత్తి కాయ పగిలిందంటే ఇక చక్కెర టీ, అందులో నానేసిన రొట్టె, అంతే. చలికాలానికి ఎముకలు తేలతాయి. కిందటేడు తోటి కూలి లోలా కూతురు అలాగే పోయింది. చలికి పోయిందన్నారు, సఫర్‌మో కూడా అదే అంది. ఇప్పుడు ఆమె మనవడు, మవ్‌జూదా కొడుకు నెమాత్‌కు ఏడ్చే ఓపిక కూడా తగ్గిపోతోంది.

సాయంత్రం టీలోకి చక్కెర అడగడానికి సఫర్‌మో మేస్త్రీ ఇంటికి వెళ్లింది. అతని భార్య హోసియత్ మండే తందూరులోకి వంగి రొట్టెలు తీస్తోంది. ఒళ్లంతా చెమట. చేతులు దులుపుకుని, బొద్దుగా ఉన్న కొడుకును లాక్కుని రొమ్ము అందించింది.

"అయ్యో, కాగిన పాలు కదే!"

హోసియత్ పకపకా నవ్వింది. "భలేదానివి పెద్దమ్మా! తందూరు సెగకి చెడనివి ఎండకి చెడతాయా? మీ కూలోళ్లు మాటిమాటికీ పని వదిలి పోకుండా మా ఆయన అలా అంటాడు. నువ్వూ నమ్మావా?"

భూమి చీలితే అందులోకి దూరిపోదామనిపించింది సఫర్‌మోకు. చక్కెర తీసుకోకుండానే కాలవ గట్టుకు వచ్చింది. అక్కడ చేతులు కడుక్కుంటున్న ఆడవాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"మా అమ్మా ఇదే చెప్పింది. ఆవిడకీ తెలీదంటావా?" అని ఒకామె ఎగిరింది.

"ఇన్నాళ్లూ నా పాలు మట్టికి తాగించావు కదా అత్తా!" అంది మవ్‌జూదా.

లోలా దగ్గరికొచ్చింది. "నా పిల్లకి టీ పట్టింది నువ్వే కదూ?"

"నేనే."

లోలా తడి చేతులు దులుపుకుంది. "రేపు ఉయ్యాలలు చేలోకే మోసుకొద్దాం. పాలిచ్చాకే పత్తి" అంది.

తెల్లారేసరికి ట్రాక్టరు దారికి అడ్డంగా కాళ్లున్న కొయ్య ఉయ్యాలలు బారుగా నిలిచాయి. తల్లులు వాటి మీదికి వంగి పాలిస్తున్నారు. సైదాలీ పరుగెత్తుకొచ్చాడు.

"ఏంటీ గోల? లేవండి! పెద్దమ్మా, నువ్వైనా చెప్పు వీళ్లకి!"

"చెప్తా" అంది సఫర్‌మో. "ఎండకి పాలు చెడవు! చెడింది నా నోరు. ఆ నోటిని నువ్వు కొరడా చేసుకున్నావ్. నీ కొడుకు తందూరు పాలు తాగి దున్నలా ఉన్నాడు, నా మనవడికి ఏడుపు కూడా రావట్లేదురా!"

ట్రాక్టరు డ్రైవరు ఇంజను ఆపేశాడు. నెమాత్ ఎంతకీ నోరు తెరవలేదు. మవ్‌జూదా చుక్క చుక్కగా పెదవుల మీద పిండింది. అప్పుడు గుటక పడింది, తర్వాత ఇంకొకటి.

"పోలీసుల్ని పిలుస్తా!" అంటూ సైదాలీ ఫోను తీశాడు.

కోడలి ముఖం చూడలేక సఫర్‌మో ఇంటివైపు తిరిగింది. లోలా ఆమె చెయ్యి పట్టుకుని గుంజింది. అందరిలోకీ ఉయ్యాల లేకుండా కూర్చున్నది లోలా ఒక్కతే.

"ఎక్కడికి పెద్దమ్మా? నా బిడ్డ సంగతి నేను మర్చిపోలేదు, మర్చిపోను కూడా. పోలీసులొస్తున్నారు. కూర్చో."

ఉయ్యాల ఉండాల్సిన ఆ ఖాళీ చోట, లోలా పక్కన సఫర్‌మో కూర్చుంది.