ఉత్తరం గోడ వెంబడి గులాబీలు

బహ్రెయిన్‌లోని బుదైయాలో ఉమ్ యాకూబ్ ఇంటి వెనక, సముద్రం వైపు గోడ వెంబడి ముప్పై రెండు గులాబీ మొక్కలుండేవి. ఆ ఇల్లు కట్టిన ఏడాది ఆమె తన పుట్టింటి పెరట్లోంచి కొమ్మలు తెచ్చి స్వయంగా నాటుకున్నవి. లేత రంగు, చిన్న పువ్వు, చెట్టు మీద రెండు రోజులు కూడా నిలవదు. వాసన మాత్రం వీధి మలుపు దాకా వచ్చేది. ఏటా చలికాలం చివర్న ఆ పూలన్నీ కోయించి, రాగి గుండిగలో మరిగించి పన్నీరు తీయించేది ఆమె. సీసాల్లో పోసి బంధువులకూ, ఇరుగుపొరుగుకూ పంపేది. ఎవరింట్లోనైనా మనిషి పోతే అందరికంటే ముందు ఆ ఇంటికి పంపేది.

ఆమెకిప్పుడు డెబ్బై ఆరేళ్ళు. ఐదేళ్ళుగా చూపు తగ్గుతూ వచ్చి, వెలుగూ నీడా తప్ప మరేమీ తెలియని స్థితికొచ్చింది. అయినా ఏ మొక్క ఎక్కడుందో, దేనికి ముళ్ళెక్కువో తడిమి చెప్పేది.

ఆ మొక్కల్ని పద్నాలుగేళ్ళుగా చూస్తున్నవాడు ముత్తన్న. మెట్‌పల్లి దగ్గరి పల్లె. ఊళ్ళో పసుపు పండించినవాడు. దుబాయి పోతున్నానని అందరికీ చెప్పి బహ్రెయిన్‌లో దిగాడు. రెండేళ్ళు బిల్డింగ్ పనిలో ఇటుకలు మోశాక నడుం పట్టేసింది. క్యాంపులో మూలకు పడి ఉన్నప్పుడు ఎవరో చెబితే ఈ ఇంట్లో తోటపనికి వచ్చాడు. అతని వీసాకు పూచీ ఉండే కఫీల్ ఉమ్ యాకూబే. ఇంట్లో పనివాళ్ళందరూ ఆమెను అమ్మా అన్నట్టుగా మామా అనేవారు. అరబ్బీ, ఉర్దూ కలిపి ఆమె మాట్లాడే భాష ముత్తన్నకు కొన్నాళ్ళకే పట్టుబడింది. ఆమె నోట అతని పేరు ముత్తాన్ అయింది.

వెనక గేటు పక్క గదిలో అతనితో పాటు డ్రైవర్ ఎలియేజరు ఉండేవాడు. అమలాపురం వైపు మనిషి, ముత్తన్న కన్నా ఆరేళ్ళు పెద్ద. శుక్రవారం వచ్చిందంటే తెల్ల చొక్కా వేసుకుని తెలుగువాళ్ళ ప్రార్థన కూడికకు వెళ్ళేవాడు. ఒకరి యాసను ఒకరు వెక్కిరించుకోవడమే తప్ప, ఆ గదిలో ఎప్పుడూ గట్టిగా మాటా మాటా అనుకున్నది లేదు.

గులాబీలకు అక్కడ ఎండాకాలమొక గండం, గాలి ఇంకో గండం. ఎండలో మొక్కల మీద పందిరిలా వేసిన పచ్చ నెట్లను డిసెంబరు సగం దాటగానే విప్పి, ఉత్తరం వైపు ఇనప గొట్టాలకు అడ్డంగా కట్టేవాడు ముత్తన్న. సముద్రం మీంచి వచ్చే షమాల్ గాలి ఉప్పును మోసుకొస్తుంది. అది ఆకు మీద పడితే ఆకు మాడుతుంది. ఆ ఏడు కూడా నెట్లు విప్పి మడత పెడుతుంటే ఎలియేజరు వచ్చాడు.

"ముత్తన్నా, ఈ నెట్లు ఓ వారం ఇస్తావా? క్రిస్మస్ కూడికకి నూట యాభై మంది దాకా వస్తారు. అక్కడ పెరట్లో కూర్చోబెడితే మధ్యాన్నం ఎండ మొహం మీద కొట్టేత్తంది."

"వారమే గదన్నా. ఇప్పుడు గాలెక్కడిది? తీస్కపో."

మామాను అడగాలన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు.

ఐదో రోజు, డిసెంబరు ఇరవై మూడున, గాలి లేచింది. ఒక పూట వీచి పోతుందిలే అనుకున్నాడు ముత్తన్న. సాయంత్రానికి గొట్టాలు ఊగసాగాయి. తన దుప్పట్లు రెండూ, స్టోరు గదిలోని పాత కర్టెన్లూ తెచ్చి కట్టాడు. ఒక దుప్పటి గోడ దాటి ఎగిరిపోయింది, మిగతావి పీలికలయ్యాయి. మూడు రోజులు అలాగే కొట్టింది. పెదాలు నాకితే ఉప్పగా ఉండేది. గాలి తగ్గుతూనే వాన పట్టుకుంది. ఆ దేశంలో వాన రెండు గంటలు కురిస్తేనే వీధులు చెరువులవుతాయి, అది రెండు రోజులు కురిసింది. మట్టిలోకి నీళ్ళు ఇంకలేదు సరికదా, అడుగునున్న ఉప్పునీరు పైకొచ్చి వాటితో కలిసింది. ముత్తన్న మోటారు పెట్టి తోడాడు, అది ఆగిపోతే బకెట్లతో తోడాడు. ఆ పైన చలి. పొద్దున లేచి చూస్తే కారు అద్దం మీద మంచు పలచగా పేరుకుని ఉంది. అలాంటి చలి తానెప్పుడూ చూడలేదని పక్కింటి ముసలాయన కూడా అన్నాడు.

నెట్లు కూడా మిగల్లేదు. కూడిక జరగాల్సిన చోటే గాలికి చిరిగిపోయాయి. ఎలియేజరు వాటిని సంచిలో కుక్కి తెచ్చి గది మూల పెట్టాడు.

జనవరి రెండో వారానికి ఆకులన్నీ రాలిపోయాయి. ముత్తన్న ఒక్కో మొక్క దగ్గర కూర్చుని గోటితో బెరడు గీకి చూశాడు. లోపల పచ్చదనం లేదు. కింది దాకా గీకాడు. మొదలు దగ్గర కూడా గోధుమ రంగే. ముప్పై రెండూ చూసి లేచేసరికి వేలి గోరు చిట్లి రక్తం వచ్చింది.

గాలి మొదలైన రోజు పొద్దున మామా కిటికీ దగ్గర కూర్చుని ఎప్పటిలాగే అడిగింది. "ముత్తాన్, పువ్వులెలా ఉన్నాయి?" భయపెట్టడం ఎందుకని "మంచిగున్నయి మామా" అన్నాడు. మర్నాడూ అదే అన్నాడు. ఆ తర్వాత నిజం చెప్పాలంటే నిన్నా మొన్నా చెప్పినవి కూడా అబద్ధాలని ఒప్పుకోవాలి. ఒక్కో రోజు గడిచేకొద్దీ ఆ పని మరింత కష్టమైంది. మోకాళ్ళ నొప్పికి ఆమె చలిలో బయటికి రాదు. బుసైతీన్ నుంచి శుక్రవారాలు వచ్చే కూతురు హాల్లో కూర్చుని వెళ్ళిపోతుంది, పెరట్లోకి తొంగి చూడదు.

వంట చేసే మణి మాత్రం చూసింది. ఆమెదీ ఎలియేజరు వైపు ఊరే.

"అన్నా, ఆవిడ అడక్కపోతే నేను చెప్పను. అడిగిందంటే మాత్రం అబద్ధమాడను" అంది.

గదిలో గొడవ ఒక సాయంత్రం అన్నం దగ్గర మొదలైంది.

"ఎన్నాళ్ళు దాస్తావయ్యా? వెళ్ళి చెప్పెయ్యి" అన్నాడు ఎలియేజరు.

"చెప్పుడు అల్కగనే ఉంటది నీకు. నెట్లు నువ్వు గొంచవోకుంటె నాకీ గోస ఉంటుండెనా?"

"నువ్విత్తేనే కదా పట్టుకెళ్ళాను! నేనేమన్నా దొంగతనం చేశానా?"

"నిన్ను నమ్మి ఇచ్చిన. గాలి లేచిననాడు తెచ్చియ్యాలన్న సోయి లేకపాయె నీకు."

ఎలియేజరు పళ్ళెం పక్కకు నెట్టి లేచాడు. ఆ రోజు నుంచి ఒకే పొయ్యి మీద ఒకరి తర్వాత ఒకరు వండుకున్నారు. మధ్యలో మాటల్లేవు. ఊరి నుంచి గౌరవ్వ ఫోన్ చేసి "ఏమైందయ్యా, గొంతు గట్లున్నది?" అని అడిగితే, పెళ్ళానికి కూడా ముత్తన్న చెప్పుకోలేకపోయాడు.

ఫిబ్రవరి వచ్చింది. "వాసన రావడం లేదేం?" అని అడిగింది మామా. చలికి మొగ్గలు ఆలస్యమయ్యాయన్నాడు. "మొదటి పువ్వు పూయగానే నాకు తెచ్చివ్వు" అంది. రెండు రోజులు మింగుడు పడక తిరిగాడు. మూడో రోజు పూల దుకాణానికి వెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టిన లేత రంగు గులాబీ ఒకటి కొన్నాడు. ముళ్ళు గిల్లేసి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. వేళ్ళతో రేకులు తడిమింది. మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకుంది.

"చల్లగా ఉంది" అంది.

"బయట చలి మామా."

"సరే. వెళ్ళు."

గంట తర్వాత పెరటి తలుపు తెరుచుకుంది. మణి భుజం పట్టుకుని, మరో చేత్తో కర్ర ఊతంగా ఆమె మెట్లు దిగుతోంది. ముత్తన్న నీళ్ళ గొట్టం కింద పడేసి నిలబడిపోయాడు. ఆమె గోడ దాకా వచ్చి చెయ్యి చాచింది. పట్టుకున్న కొమ్మ పుటుక్కున విరిగింది. పక్కదాన్ని తడిమింది. ఆ పక్కదాన్ని. గోడ ఈ చివర నుంచి ఆ చివరికి ఒక్కటీ వదలకుండా నడిచింది. వేలికి ముల్లు దిగినా చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"ఎప్పుడు?"

"డిసెంబర్ ఇరవై మూడుకు గాలి లేచింది మామా... అప్పుడు."

"ఇవాళ తారీకెంత మణీ?"

"ఫిబ్రవరి తొమ్మిది."

ఆమె పెదాలు కదిలాయి, లెక్కపెడుతున్నట్టు. "నలభై ఎనిమిది రోజులు" అంది. "రోజూ పొద్దున్నే లేచి, లేని పువ్వుల్ని తలుచుకుని సంతోషపడ్డాను. గుడ్డిదాన్ని దేవుడు చేశాడు. పిచ్చిదాన్ని నువ్వు చేశావు."

"తప్పు నాదే మామా. నెట్లు కట్టలేదు" అన్నాడు ముత్తన్న.

"ఎందుకు కట్టలేదు?"

అతను తల వంచుకున్నాడు. కారు తుడుస్తున్న ఎలియేజరు చేతిలో గుడ్డ అలాగే పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"నేను పట్టుకెళ్ళాను మామా. మా చర్చి కూడికకి. అక్కడ చిరిగిపోయాయి."

"నన్నడిగారా?"

ఎలియేజరు గుడ్డను మడిచి వెనక్కి పెట్టుకున్నాడు.

"ఖలాస్" అని ఆమె వెనక్కి తిరిగింది.

ఆ సాయంత్రమే మామా కూతురు ముత్తన్నకు ఫోన్ చేసింది. ముత్తన్న ఇక తోటలో చెయ్యి పెట్టకూడదు. వాకిలి ఊడవాలి, కార్లు కడగాలి. జూన్‌లో వీసా అయిపోయేసరికి ఉంచుకోవాలో పంపించాలో అమ్మ చెబుతుంది. అంతే చెప్పి పెట్టేసింది.

ఆ నెలంతా ముత్తన్న కార్ల షెడ్డులోంచి ఎండు కొమ్మల్ని చూస్తూ గడిపాడు. మామా తిట్టినా బాగుండేది అనిపించేది అతనికి. కిటికీ తెర రోజూ వేసే ఉండేది. ఒక మధ్యాహ్నం కారు కడుగుతుంటే ఎలియేజరు పక్కన వచ్చి కూర్చున్నాడు.

"ఆ రోజు నన్ను దాచాలని చూశావు కదా?"

"దాచలేదు. చెప్ప బుద్ధి కాలే."

"కొత్త నెట్లు నేను కొంటాను, ముత్తన్నా."

"నెట్లు ఎన్కముచ్చట. ముందుగాల మట్టి జూడాలె. గా మట్టిల గిప్పుడు ఏం బెట్టినా సస్తది."

మళ్ళీ మాటలు కలిశాయి కానీ, వెనకటి వెక్కిరింతలు రాలేదు.

మొక్కలు నాటనని, మట్టి మాత్రం బాగు చేస్తానని మణితో మామాను అడిగించాడు ముత్తన్న. వారం దాకా జవాబు లేదు. ఎనిమిదో రోజు పొద్దున మణి కుర్చీ తెచ్చి గోడకు దూరంగా నీడలో వేసింది. మామా వచ్చి కూర్చుంది.

"తవ్వు. నేను వింటాను."

ఎండు మొక్కలు పీకుతుంటే ఒక్కోదాని వేరు తెగే చప్పుడుకు ఆమె వేళ్ళు కర్ర మీద బిగుసుకునేవి. మొత్తం అయ్యాక, "మట్టి ఎలా ఉంది?" అని అడిగింది.

"తెల్లగ పేరింది మామా. జానెడు లోతు దాక ఉప్పే."

"ఇటివ్వు."

అరచేతిలో పెట్టిన మట్టిలోంచి చిటికెడు తీసి నాలుక మీద వేసుకుంది. ముఖం చిట్లించి ఉమ్మేసింది. ఆ నోటితోనే, "ఇంకా తవ్వు" అంది.

ఎండ ముదిరేలోగా పాత మట్టిని ఎత్తిపోశారు. సిమెంటు దిమ్మెలతో మడులు ఎత్తుగా కట్టారు. బుదైయా తోటల నుంచి మట్టీ, పశువుల ఎరువూ వచ్చాయి. డ్యూటీ అయ్యాక ఎలియేజరు సంచులు మోసేవాడు. మంచినీళ్ళు పెట్టి మట్టి కడగడం, వారానికోసారి ఆమె దాన్ని నోట్లో వేసుకుని చూడడం. జూన్‌లో వీసా కాగితం వచ్చింది. ఉంచుకుంటున్నామని ఎవరూ చెప్పలేదు. సంతకం పెట్టమన్నారు, పెట్టాడు. సెప్టెంబరు చివర్న ఒక పొద్దున ఆమె మట్టి రుచి చూసి ఉమ్మలేదు. చేతులు దులుపుకుని లోపలికి వెళ్ళింది.

పాత గులాబీలు మాత్రం ఇక దొరకవు. ఆమె పుట్టింటి పెరడు ఉన్నచోట ఇప్పుడు ఐదంతస్తుల భవనం ఉంది. నవంబరులో ఎలియేజరు కారు తీశాడు. మొక్కలమ్మే చోట మామా గంట సేపు ఒక్కో కుండీ దగ్గర వంగి వాసన చూసింది. చాలావాటికి వాసనే లేదు. చివరికి ముదురు ఎరుపు రంగువి పన్నెండు ఎంచుకుంది.

"ఇవి అవి కావు" అంది కారెక్కుతూ.

"కావు మామా" అన్నాడు ముత్తన్న.

కొత్త నెట్లు డిసెంబరు ఒకటినే కట్టారు. ఆమె వచ్చి తాళ్ళు గుంజి చూసి వెళ్ళింది. రోజూ కిటికీ దగ్గర అడిగేది, ముత్తన్న ఉన్నదున్నట్టు చెప్పేవాడు. మూడోదానికి చిగురొచ్చింది. ఆరోదానికి రెండాకులు పండినాయి. అతని మాట అయ్యాక, "నిజమేనా మణీ?" అని ఆమె లోపలికి తిరిగి అడిగేది. గాజు అవతల నుంచి ఆ మాట అతనికి వినబడేది. ఇన్నేళ్ళలో మణిని ఎప్పుడూ అలా అడగలేదామె. విననట్టు గొట్టం తీసుకుని పక్కకు వెళ్ళిపోయేవాడు.

జనవరిలో తొమ్మిదో మొక్క వాడిపోయింది. పొద్దున్నే చూసి, చేతులైనా కడుక్కోకుండా కిటికీ దగ్గరికి పోయి చెప్పాడు.

"మామా, తొమ్మిదోది సచ్చిపోయింది. వేరుకు చీడ పట్టింది. తక్కినయి బాగనే ఉన్నయి."

ఈసారి ఆమె మణిని ఏమీ అడగలేదు.

"ఇంకోటి తీసుకురా" అంది. "నేను రాలేను, మోకాళ్ళు సలుపుతున్నాయి. వాసన చూసి తీసుకో."

ఎలియేజరు కారు ఆపి బయటే నిలబడ్డాడు. ముత్తన్న లోపల వంగి వంగి ఒక్కో పువ్వునీ వాసన చూశాడు. ఇన్నేళ్ళు గులాబీల మధ్యే ఉన్నా, ఏది మంచి వాసనో తేల్చాల్సిన పని అతనికి ఏనాడూ పడలేదు. కాసేపటికి అన్నీ ఒకేలా అనిపించాయి. బయటికొచ్చి గాలి పీల్చి, మళ్ళీ లోపలికి వెళ్ళి మొదటి నుంచీ చూశాడు. ఒకటి తీసుకున్నాడు. ఆమెకు నచ్చుతుందో లేదో తెలియదు. కారులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని, గాలి తగలకుండా అద్దం పైకెత్తమన్నాడు ఎలియేజరుతో.